రహస్య చికిత్సకు రహదారి బోర్డు

దేశంలో ఇకపై ఏ తాగుబోతూ సిగ్గుపడనక్కర్లేదని ఆరోగ్య శాఖ ఉప మంత్రి తుర్దుబెక్ సగినొవిచ్ గారు మా ఊరి సాంస్కృతిక భవనంలో ప్రకటించారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. హాల్లో సిగ్గుపడుతున్నవాళ్ళు ఎవరూ కనిపించలేదు. అయినా ప్రభుత్వం అంత ఉదారంగా అనుమతి ఇస్తుంటే చప్పట్లు కొట్టకుండా కూర్చోవడం మర్యాద కాదని అందరం గట్టిగా కొట్టాం.

నేను జిల్లా పత్రిక విలేకరిని. ఉప మంత్రిగారు మా జిల్లాకు ఎప్పుడు వచ్చినా ఆయన వెనకాల నడిచే భాగ్యం నాదే. కాబట్టి 'ఒకే తలుపు' పథకం మా ఊళ్ళో ఎలా విజయవంతమైందో చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు.

పథకం గొప్పది. ఇంతకు ముందు తాగుడు మానాలనుకున్నవాడు పట్టణంలో ఇనుప కటకటాలున్న ప్రత్యేక ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్తే పేరు పోలీసులకు చేరుతుంది. పేరు చేరితే డ్రైవింగ్ లైసెన్సు పోతుంది. మా ఊళ్ళో సగం మంది మగవాళ్ళు కనుమ దారిలో లారీలు తోలేవాళ్ళే కనుక, ఆ ఆసుపత్రిలో దుప్పట్లు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి. కొత్త పథకం ప్రకారం దగ్గుకీ, రక్తపోటుకీ, దిగులుకీ, వోద్కాకీ ఊరి కుటుంబ వైద్యశాలలోనే, ఒకే డాక్టరు దగ్గర, ఒకే తలుపులోంచి వెళ్ళి మందు తీసుకోవచ్చు. ఎవరు దేనికి వచ్చారో పక్కవాడికి కూడా తెలియదు. పేరు పోలీసులకు వెళ్ళదు.

ఈ సంగతి అందరికీ తెలియాలని ఉప మంత్రిగారు వైద్యశాల తలుపు మీద ఒక బోర్డు పెట్టించారు. 'తాగుడు, మత్తుమందులు, మనోవ్యాధులకు ఇక్కడ రహస్యంగా చికిత్స చేయబడును' అని. రాత్రిపూట అక్షరాలు వెలుగుతాయి. కింద బాణం గుర్తు తలుపును చూపిస్తూ ఆరి వెలుగుతుంటుంది.

మర్నాటి నుంచి రక్తపోటు చూపించుకునే ముసలమ్మలు కూడా రావడం మానేశారు.

మా డాక్టరు బురుల్చా గారు యాభై దాటిన మనిషి. ఊళ్ళో సగం మంది పుట్టినప్పుడు పురుడు పోసింది ఆవిడే. ఈ పథకం కోసం రాజధానికి వెళ్ళి శిక్షణ తీసుకుని మరీ వచ్చింది. బోర్డు తీయించమని శాఖకు ఫోన్ చేస్తే, అది ప్రభుత్వ ఆస్తి, తీయాలంటే ముగ్గురు సభ్యుల కమిషన్ రావాలన్నారు. ఆవిడ వాదించలేదు. ఆ రోజు నుంచి వైద్యశాల దుప్పట్లు ఉతికి బోర్డు మీదే ఆరేయడం మొదలుపెట్టింది. వాన పడుతున్నా ఆరేసింది. మంచు పడినా తీయలేదు. ముసలమ్మలు తిరిగి వచ్చారు. వాళ్ళ వెనకాల మెల్లగా మగవాళ్ళూ వచ్చారు, నడుం నొప్పి అనో, చెవిపోటు అనో.

అలా వచ్చినవాళ్ళలో మైరంబెక్ ఒకడు. గని నుంచి బొగ్గు తోలే లారీ అతనిది. మనిషి ఎత్తుగా, మీసాలతో, రోడ్డుకి అడ్డం నిలబడితే లారీయే పక్కకు తప్పుకునేలా ఉంటాడు. అతని భార్య అనార్కుల్ రక్తపోటు వంకతో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. లోపల జరిగింది చాలా కాలం తర్వాత అతనే నాకు చెప్పాడు కాబట్టి రాస్తున్నాను.

బురుల్చా రక్తపోటు చూసింది. ఎక్కువే ఉంది. తర్వాత, నిద్ర పడుతోందా తమ్ముడూ అని అడిగింది. పడుతుందన్నాడు.

"తాగకుండా పడుతుందా?"

మైరంబెక్ తలుపు సరిగ్గా వేసి ఉందో లేదో చూశాడు. "అక్కా, ఈ మాట పోలీసుల దాకా వెళ్తుందా?"

"ఈ గది దాటదు. పథకమే అది."

అప్పుడు చెప్పాడు. కిందటేడు చలికాలం కనుమ మీద అతని తమ్ముడి లారీ ముందు వెళ్తోంది, ఇతనిది వెనక. ఉన్నట్టుండి మంచుచరియ విరిగి ముందు లారీని లోయలోకి తీసుకుపోయింది.

"నేను హారన్ కొట్టానక్కా. వాణ్ణి తొందరగా వెళ్ళమని. హారన్ ముందు మోగిందో, చరియ ముందు కదిలిందో నాకు తెలీట్లేదు. తాగితే ఆ గొడవ కాసేపు ఊరుకుంటుంది."

బురుల్చా ఆ రోజు వేరే రోగులెవర్నీ లోపలికి పిలవలేదట. మందులిచ్చింది, వారం వారం రమ్మంది. అతను తోలేటప్పుడు ఎన్నడూ తాగలేదు, తోలని రోజుల్లోనే తాగేవాడు. ఇబ్బంది ఏమిటంటే తోలని రోజులు పెరుగుతూ వచ్చాయి. చికిత్స మొదలయ్యాక అవి తగ్గాయి. రెండుసార్లు పట్టు తప్పి మళ్ళీ తాగాడు. రెండుసార్లూ తనే వచ్చి చెప్పాడు. కనుమలో మంచు కరిగే వేళకి అనార్కుల్ వీధిలో నవ్వుతూ కనిపించింది. ఊరివాళ్ళు కారణం అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే శాఖకు ఒక ఫలితం కావాల్సొచ్చింది.

పథకానికి సాయం చేసిన విదేశీయులు చూడటానికి వస్తున్నారు. బాగుపడ్డ రోగిని ఒకణ్ణి సిద్ధం చేయమని ఉప మంత్రిగారు బురుల్చాకి ఫోన్ చేశారు. రోగుల సంగతులు రహస్యమని ఆవిడ గుర్తు చేసింది. అప్పుడాయన అన్న మాట మా పత్రికలో పెద్దక్షరాల్లో వేయదగ్గది.

"రహస్యమేనమ్మా, కాదన్నదెవరు? రహస్యంగానే చూపిద్దాం."

ఆవిడ పేరు చెప్పలేదు. ఉప మంత్రిగారు పట్టు వదిలే మనిషి కాదు. స్వయంగా మా ఊరి టీ కొట్టుకు వచ్చి, ఈ మధ్య ఎవరు తాగడం మానేశారని అడిగారు. మా ఊళ్ళో తాగడం ఎవరూ పట్టించుకోరు. తాగకపోవడం మాత్రం దాగదు. మొన్నటి పెళ్ళిలో మైరంబెక్ గ్లాసు బోర్లించాడని నలుగురూ ఒక్కసారే చెప్పారు.

ఫోటో ఒక్కటే, ఫైల్లో పెట్టుకోవడానికి అని అతనికి చెప్పారు. మొదట ఒప్పుకోలేదు. ఈ ఫోటో వల్ల డాక్టరమ్మ వైద్యశాలకు కొత్త బాయిలరు వస్తుందన్నారు. చలికాలమంతా ఆవిడ కోటు విప్పకుండా రోగుల్ని చూడటం అతనికి గుర్తొచ్చింది. సరేనని లారీ పక్కన నిలబడ్డాడు.

బోర్డు రహదారి మలుపులో వెలిసింది. రెండు లారీల ఎత్తు. 'నేను తాగుబోతును. ప్రభుత్వం నన్ను మనిషిని చేసింది' అని రాసి ఉంది. గోప్యత విషయంలో ఉప మంత్రిగారు ఎంత పట్టుదల గలవారో ఇక్కడే తెలుస్తుంది. మైరంబెక్ కళ్ళ మీద నల్ల పట్టీ వేయించారు. మీసాలూ, లారీ నంబరూ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో 'రోగి వివరాలు బయటపెట్టబడవు' అని కూడా ఉంది.

మైరంబెక్‌ని ఆ బోర్డు కిందే ఆపాడు పోలీసు సార్జెంట్ కుబాన్. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు. కుబాన్ ఒకసారి లారీ నంబరు చూశాడు, ఒకసారి పైకి చూశాడు.

"అన్నా, నన్ను తిట్టుకోకు. నేను కళ్ళు మూసుకుందామన్నా అది మూసుకోనివ్వట్లేదు. ఇందాక మా పై అధికారి ఈ దారినే వెళ్ళాడు."

"నేను తాగి లేను కుబాన్. ఊదమంటే ఊదుతాను."

"తెలుసన్నా. ఇప్పుడు తాగావని కాదు. తాగుబోతువని ప్రభుత్వమే రాసింది."

లైసెన్సు తీసుకున్నాడు. లారీ అక్కడే నిలిచిపోయింది. మైరంబెక్ ఇంటికి నడిచాడు. దారిలో సారా కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాడని కొట్టువాడే నాతో అన్నాడు. లోపలికి రాలేదట. అక్కణ్ణించి నేరుగా వైద్యశాలకు పోయి బల్ల మీద కూర్చున్నాడు. బురుల్చా పని ముగించుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది. నేను మోసం చేశాను తమ్ముడూ, గది దాటదన్నాను, అంది. మోసం చేసింది నువ్వు కాదక్కా అన్నాడతను.

మర్నాడే ఆవిడ రాజధానికి వెళ్ళింది. విలేకరిగా నేనూ వెంట వెళ్ళాను. ఉప మంత్రిగారు ఎంతో ఆదరించారు, టీ పోయించారు, ఎండిన ఆప్రికాట్ పళ్ళు పెట్టించారు. జరిగింది విని చాలా సంతోషించారు. ఆరోగ్య శాఖ రాసింది పోలీసు శాఖ చదవడం దేశ చరిత్రలో ఇదే మొదటిసారి అన్నారు. రెండు శాఖల మధ్య ఇంతకంటే సమన్వయం ఏముంటుందని నన్నే అడిగారు. నేను రాసుకున్నాను.

లైసెన్సు సంగతి ఏమిటని బురుల్చా అడిగింది. చాలా సులువన్నారు. అతను తాగుబోతు కాదని ధ్రువపత్రం ఇస్తే చాలట. ఇస్తానని ఆవిడ సంచీ తెరిచింది. ఉప మంత్రిగారు మృదువుగా వారించారు. అతను తాగుబోతు కాకపోతే నయం చేసిందెవర్ని? విదేశీయులు వచ్చే వారమే కదా. మూడేళ్ళు ఆగితే చట్ట ప్రకారం అదే తిరిగొస్తుందన్నారు.

"మూడేళ్ళు వాడి పిల్లలు ఏం తింటారయ్యా?" అంది ఆవిడ.

ఆ విషయం తమ శాఖ కిందికి రాదని ఉప మంత్రిగారు విచారం వెలిబుచ్చారు.

మైరంబెక్ లారీ ఎక్కడం మాని లారీలకు బొగ్గు ఎత్తే పనిలో చేరాడు. వారం వారం వైద్యశాలకు వెళ్ళడం మాత్రం మానలేదు. విదేశీయులు వచ్చారు, బోర్డు ముందు ఫోటోలు దిగారు, మధ్యాహ్నానికల్లా సంతోషంగా వెళ్ళిపోయారు. అసలు ఉత్సవం ఆ తర్వాత ఏటి ఒడ్డున వేసిన పెద్ద డేరాలో మొదలైంది. గొర్రెపిల్లను కోశారు. పథకం మొదటి విజేతగా మైరంబెక్‌కి అంచు కుట్టిన కొత్త కల్పాక్ టోపీ పెట్టి, ఉప మంత్రిగారి పక్కనే కూర్చోబెట్టారు. అతను బురుల్చా కోసం వచ్చాడు. బాయిలరు మంజూరు కాగితం మీద ఆ రోజే సంతకం అవుతుందని ఎవరో చెప్పారు.

ఉప మంత్రిగారు లేచి మద్యపాన నిర్మూలనకు తొలి గ్లాసు ఎత్తారు. ఆయన చెప్పిన మాటలకు కదలని గుండె లేదు. తర్వాత మా జిల్లా అధికారి కుటుంబ వైద్యానికి ఎత్తారు. పశువుల డాక్టరు మానసిక ప్రశాంతతకు ఎత్తాడు. ఒక్కో గ్లాసుకీ ఒక్కో మంచి ఆశయం, కాదనడానికి వీల్లేదు. పత్రికా స్వేచ్ఛకు ఎత్తినప్పుడు నేను నా బాధ్యత రెండుసార్లు నిర్వర్తించాను.

మైరంబెక్ ముందున్న గ్లాసు నిండుగానే ఉంది. ఉప మంత్రిగారు గమనించారు.

"ఏమిటయ్యా ఇది? నీ ఆరోగ్యం కోసం మేమంతా తాగుతుంటే నువ్వు కూర్చుని చూస్తావా?"

"నాకు టీ చాలు దొరా."

"ఒక్కటి. శాఖ పేరు మీద. డాక్టరమ్మ ఏమీ అనదు, నేను చెప్తాగా."

మైరంబెక్ చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది. బురుల్చా అతని వైపు చూడలేదు. చూస్తే తన కోసం మానినట్టవుతుందనుకుందో ఏమో, తన రొట్టె ముక్క వైపే చూస్తూ కూర్చుంది. అతను గ్లాసు తీసి పశువుల డాక్టరు ముందు పెట్టాడు. టీ గిన్నె ఎత్తి, శాఖ చల్లగా ఉండాలి అని తాగాడు. పశువుల డాక్టరు ఆ గ్లాసును వృథా కానివ్వలేదు.

పొద్దు వాలుతుండగా ఉప మంత్రిగారికి ఒక విషయం గుర్తొచ్చింది. సాయంత్రం వార్తల్లో టీవీ వాళ్ళు ఈ పథకం గురించి ఆయనతో మాట్లాడిస్తున్నారు. కనుమ దాటి రాజధానికి వెళ్ళాలి. డ్రైవరు జోల్దోష్‌ని పిలిచారు. జోల్దోష్ డేరా స్తంభాన్ని కావలించుకుని, ఇప్పుడే వస్తున్నానని దానికే చెప్తున్నాడు. జిల్లా అధికారి డ్రైవరు గడ్డిలో పడుకుని ఉన్నాడు. నడపగలిగిన స్థితిలో ఎవరున్నారని ఉప మంత్రిగారు సభను అడిగారు. బురుల్చాకి నడపడం రాదు.

"నేనున్నాను. కానీ నా లైసెన్సు పోలీసుల దగ్గరుంది," అన్నాడు మైరంబెక్.

"అది కాగితం. నడిపేది చేతులు కదా," అన్నారు ఉప మంత్రిగారు. పెద్దవాళ్ళకు అవసర సమయంలో వచ్చే స్పష్టత ఎవరికి వస్తుంది?

మైరంబెక్ ముందు బాయిలరు కాగితం మీద సంతకం చేయించి, డాక్టరమ్మ చేతికిప్పించి, అప్పుడు తాళాలు తీసుకున్నాడు. వెనక సీట్లో ఉప మంత్రిగారు, ఆయన భుజం మీద జోల్దోష్ నిద్రపోయారు. నేను ముందు కూర్చున్నాను.

పోలీసు గేటు దగ్గర సార్జెంట్ కుబాన్ ప్రభుత్వ నంబరు చూసి ముందే సెల్యూట్ కొట్టేశాడు. తర్వాత నడుపుతున్నదెవరో చూశాడు. చెయ్యి నుదుటి దగ్గరే ఉండిపోయింది. మైరంబెక్ అద్దం దించాడు. కుబాన్ వంగి వెనక సీట్లోకి చూశాడు, అక్కణ్ణించి వచ్చిన వాసన పీల్చాడు, నిటారుగా నిలబడ్డాడు.

"పైన కొత్తగా మంచు పడిందన్నా. మెల్లగా పో," అని గేటు ఎత్తాడు.

కనుమ మీద ఒక చోట మైరంబెక్ బండి బాగా నెమ్మది చేశాడు. కింద లోయ. ఆ తమ్ముడి కథ నాకు అక్కడే చెప్పాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ముందు ఒక గొర్రెల మంద అడ్డం వచ్చింది. హారన్ కొట్టలేదు. మంద దాటేదాకా ఓపిగ్గా ఆగాడు.

టీవీ కార్యాలయం ముందు బండి ఆగేసరికి ఉప మంత్రిగారికి మెలకువ వచ్చింది. నీళ్ళు తాగి, పుదీనా బిళ్ళ నోట్లో వేసుకుని, కోటు సవరించుకున్నారు. దిగబోతూ మైరంబెక్ వైపు ఆప్యాయంగా చూశారు. పక్కన కూర్చోబెట్టుకున్న మనిషిని గుర్తుపట్టినట్టు లేదు.

"చెయ్యి తిరిగినవాడివోయ్. కారు కదిలినట్టే తెలీలేదు. ఏ ఊరు మీది?"

మైరంబెక్ చెప్పాడు.

"మంచి ఊరు. ఒక్క మాట చెప్తాను, పెద్దవాణ్ణి కనుక. జీవితంలో తాగుడు జోలికి మాత్రం పోకు. లైసెన్సు పోతుంది."

అలాగేనన్నాడు మైరంబెక్. తాళాలు గేటు దగ్గర కాపలావాడికిచ్చాడు. మేమిద్దరం బస్సు కోసం నిలబడ్డాం. ఎదురుగా కొట్టు కిటికీలో టీవీ మోగుతోంది. ఉప మంత్రిగారు చాలా బాగా మాట్లాడారు.

బస్సు కిక్కిరిసి ఉంది. మా ఊరి దాకా అతను నిలబడే వచ్చాడు.