కుజెగారి కదలని కెమెరా

ఆ ఉదయం చిహొ అనుకున్నది చాలా చిన్న విషయం. పెద్ద సినిమా దర్శకుడు కుజె తొకుజిగారు వస్తారు, తను తీసిన ఘట్టం చూస్తారు, తల ఊపుతారు, తను వెళ్ళి హాయిగా నూడుల్స్ తింటుంది. అంతే.

చిహొ క్యోటోలో ఒక వీడియో గేముల కంపెనీలో పనిచేస్తుంది. ఆడేవాళ్ళు మీటలు వదిలేసి కాసేపు సినిమాలా చూసే ఘట్టాలు తీయడం ఆమె పని. ఇప్పుడు తయారవుతున్న ఆటలో, యుద్ధానికి వెళ్ళిపోతున్న కొడుకుని ఆఖరిసారి చూడాలని ఒక తల్లి ఇంట్లోంచి పరుగెత్తుతుంది. ఆమె వెనకే కెమెరా కూడా గుమ్మం దాటి సందులో పడి పరుగెత్తుతుంది. చిహొ సొంతంగా తీసిన మొదటి ఘట్టం అది, దానిమీదే ఆమె ప్రాణమంతా. కంపెనీ సలహా కోసం పిలిచిన కుజెగారు సరేనంటే ఆటలో ఉంటుంది, లేదంటే సాయంత్రానికి తీసేస్తారు.

పొద్దున్నే అది చూసి మేనేజరు ఒగాతా గుండె పట్టుకున్నాడు.

"ఏంటమ్మాయ్ ఇది? కుజెగారి సినిమాల్లో కెమెరా కదలదు. మనుషులు వెళ్ళిపోయినా ఖాళీ గదినే చూస్తూ కూచుంటుంది. దేశమంతా దణ్ణం పెట్టేది దానికే."

"కానీ ఇక్కడ తల్లి పరుగెత్తుతోంది కదండీ."

"తల్లిని పరుగెత్తనీ. కెమెరాని కూచోబెట్టు."

చిహొ పళ్ళు బిగించి కూచోబెట్టింది. కుజెగారు వచ్చారు, చూశారు. తల్లి వెళ్ళిపోయింది. తెరమీద ఖాళీ గది మిగిలింది. ఆయన చేతిలో కప్పు కిందపెట్టి, "టీ చాలా బాగుంది," అన్నారు.

ఒగాతా చిహొని వరండాలోకి లాక్కుపోయాడు. "విన్నావా? టీని మెచ్చుకున్నారంటే ఘట్టం నచ్చలేదనే."

"ఏం నచ్చలేదో అడిగితే పోలా?"

"అంత పెద్దాయన్ని అడుగుతామా? మనమే కనిపెట్టాలి. ఖాళీ గదిని చూపించిన సేపు చాలినట్టు లేదు, పెంచు."

పెంచింది. ఈసారి ఆయన మిఠాయిని మెచ్చుకున్నారు. ఇంకా పెంచింది. కిటికీ బయటి చెట్టుని మెచ్చుకున్నారు. ఇంతలో అటుగా వచ్చిన ప్రోగ్రామరు సెగావా, కదలని తెరని చూసి, ఆట బిగుసుకుపోయిందని వైరు పీకేశాడు. ఒగాతా వంగి వంగి క్షమాపణలు చెప్పాడు. "నా చెయ్యి ఏమైనా తగిలిందేమో," అని కుజెగారు ఇంకా కిందికి వంగారు.

బిగుసుకుపోలేదని తెలిసేలా సెగావా తెరమీది గదిలో ఒక బొమ్మ ఈగని వదిలాడు. కుజెగారు విసనకర్ర తీసి తెరమీద మెల్లగా తోలారు.

"కదిలారు, కదిలారు," ఒగాతా గుసగుసలాడాడు. "ఇంకో నాలుగు ఈగలు వెయ్యి."

చూస్తుండగానే ఆ తల్లి ఇల్లు ఈగలమయం అయింది. చిహొకి ఏడుపొచ్చింది. ఒగాతా తన చొక్కా పట్టుకుని లాగుతున్నా వినకుండా వెళ్ళి కుజెగారి ఎదురుగా కూచుంది.

"గురువుగారూ, ఇది నా మొదటి ఘట్టం. ఏం నచ్చలేదో చెప్పండి."

కుజెగారు ఇబ్బందిగా సర్దుకున్నారు. "పొద్దున్నించీ మీ మెషీను ఆగిపోతోందనుకున్నానమ్మా. పైకి అంటే చిన్నబుచ్చుకుంటారని టీ గురించి మాట్లాడా."

ఒగాతా నోరు తెరిచాడు. "అది తమరి శైలి కదండీ."

"శైలేంటి నాయనా. అప్పట్లో కెమెరాని ఎత్తాలంటే నలుగురు కావాలి. మేం ఎత్తేలోపు నటి వెళ్ళిపోయేది. మళ్ళీ తీద్దామంటే ఫిల్ము ఉండేది కాదు. పత్రికలవాళ్ళేమో అందులో మహా శూన్యం ఉందన్నారు. అంత ముచ్చటపడుతుంటే కాదంటే బాగుంటుందా?" చిహొ వైపు తిరిగారు. "ఇంతకీ ఆ తల్లి ఎటు పోయిందమ్మా?"

చిహొ తను మొదట తీసినది పెట్టింది. తల్లి గుమ్మం దాటింది, కెమెరా ఆమె వెంట పడింది. కుజెగారు కూచున్నచోటే ముందుకు వంగి, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి సగం లేచారు. సందు చివర తల్లి ఆగిపోయేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"జీవితమంతా ఇలా పరుగెత్తాలనే అనుకున్నా," అన్నారు. "ఒక్క అడుగు కూడా తగ్గించకు తల్లీ." చిహొ ఆయన ముందు నేలకి తలాన్చి, చాలాసేపటిదాకా లేవలేకపోయింది.

ఆట విడుదలయ్యాక పత్రికలన్నీ ఆ ఘట్టాన్ని ఆకాశానికెత్తాయి. అంత పరుగులోనూ కుజెగారి నిశ్చలత్వం స్పష్టంగా కనిపిస్తోందని రాశాయి.