నేను కంపెనీ మారుతున్నానట

నేను ఉద్యోగం మారబోతున్నాను. ఏ కంపెనీకి అన్నది మావారు నాకింకా చెప్పలేదు.

ఉద్యోగం చేసే ఆడవాళ్లలో నా అంత అదృష్టవంతురాలు లేదని ఘంటాపథంగా చెబుతాను. బస్సులో తోపులాట లేదు, ఆఫీసరు చిరాకు లేదు. నాలుగేళ్లుగా నేను బీమా ఏజెంటుని. ఆ సంగతి సంతకం పెట్టేటప్పుడు మాత్రమే నాకు గుర్తొస్తుంది!

మావారు జగన్నాధంగారు నరసన్నపేట తాలూకా ఆఫీసులో గుమస్తా. సర్కారు ఉద్యోగి పక్క వ్యాపారం చెయ్యకూడదు. పెళ్లాం చెయ్యొచ్చు. అందుకని ఏజెన్సీ నా పేర, తిరుగుడు ఆయనది. నేను బి.ఏ. ప్యాసవడం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. సంతకం గుండ్రంగా ఉంటుందట.

నిరుడు నాకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఎండనక వాననక పల్లెలన్నీ తిరిగి ఎనభై మందిని చేర్పించానని రాశారు. చదువుతుంటే నా కాళ్లు నిజంగానే పీకాయి.

ఇప్పుడు సమస్యల్లా ఒకటే. నేను బీమాలోనే ఉండిపోవాలా, ఈ మధ్య వచ్చిన, జనం డబ్బు దాచుకునే గవర్నమెంటు యూనిట్లు అమ్మాలా, రాజాంలో కొత్తగా తెరిచిన చీటీల కంపెనీకి మారాలా? దీనిమీద రోజూ సాయంత్రం మా అరుగుమీద మీటింగు. మా ఆడపడుచు భర్త నరసింగరావుగారు ముఖ్య సలహాదారు.

"బీమాలో ఏటుంది బావా? మడిసి సచ్చేదాకా ఆగాల. సీటీ అయితే నెలనెలా కమీసనొస్తాది."

"యూనిట్లు గట్టివి గదేటి?" అన్నారు మావారు.

"రాయి కూడా గట్టిదే. పాలిస్తాదేటి?"

కాఫీ అందిస్తూ, "ఆ చీటీల కంపెనీ వెనకాల ఎవరున్నారండీ?" అని అడిగాను.

"నువ్వుండవే. ఉజ్జోగం సంగతులు మాటాడుకుంటన్నాం" అన్నారు మావారు.

నిజమే. నా ఉద్యోగం గురించి నాకేం తెలుసు?

చివరికి అరుగుమీద చీటీలే గెలిచినట్టున్నాయి. ఇంటర్వ్యూ కూడా కష్టం కాలేదు. చీటీల కంపెనీ మేనేజరు మా ఇంటికే వచ్చి నా అనుభవం గురించి మావారిని అడిగారు. నేను లోపల పిండి రుబ్బుతుండగానే సెలెక్టయ్యాను. ఇంత సుఖం ఏ కలెక్టరుకుంది?

నిన్న చేపల తవిటమ్మ గుమ్మంలో గంప దించి మెల్లగా అడిగింది.

"అమ్మా, బాబుగోరు నన్ను సీటీ కట్టమన్నారు. కంపినీ ములిగిపోతే ఎవుల్నడగాలి బాబూ అంటే, కాయితమ్మీద మా ఆవిడి పేరుంటాది, బయమేటన్నారు. మీరు సెప్పండి, కట్టీమంటారా?"

నాలుగేళ్ల సర్వీసులో నన్నెవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. కంపెనీ మునిగితే మావారు ఆఫీసులో ఉంటారు, నరసింగరావుగారు వాళ్లింట్లో ఉంటారు. తవిటమ్మ గంప దించేది నా ముందు.

కాగితాలు బల్లమీద ఉన్నాయి. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో ఇంటూ గుర్తు కూడా వేశారు. సోమవారానికి అయిపోవాలట.

అలాగే. సోమవారం పొద్దున్న బస్సుకి ఏజెంటుగారు మొట్టమొదటిసారి డ్యూటీమీద బయల్దేరుతున్నారు. రాజాం వెళ్లి, ఆ కంపెనీ ఎవరిదో, జనం కట్టిన డబ్బు ఎక్కడ పెడుతున్నారో అడిగొస్తాను. సంతకం సంగతి ఆ తర్వాత. తవిటమ్మని అందాకా ఆగమన్నాను.

ఆ రోజు వంట మావారి పేర పెట్టాను. పేరూ ఆయనదే, పనీ ఆయనదే.