లోయెల్ మింగని మందు

ఎండ ముదరకముందే కోడెదూడలన్నిటికీ చెవుల్లో మందు పెట్టేయాలని లోయెల్ ప్రూయిట్ ఆ ఉదయం అనుకున్నాడు. అమెరికాలోని మిజోరీ రాష్ట్రంలో ఆ కొండల మీద ఫెస్క్యూ గడ్డి తప్ప మరొకటి మొలవదు. ఆ గడ్డిలో కంటికి కనబడని బూజు ఉంటుంది. అది మేసిన పశువులు ఒళ్ళు వేడెక్కి, మేత మాని, చెరువులో దిగి నిలబడతాయి. చెవి చర్మం కింద సూదితో మందు గోళీలు దించితే కాస్తయినా ఒళ్ళు చేస్తాయి. ఏటా సూది పట్టింది అతని భార్య ఆర్లీటా. ఆమె మార్చిలో పోయింది. అందుకని పక్క పొలం కోయ్‌ని సాయం పిలిచాడు.

కోయ్ సూది పట్టాడు, లోయెల్ దూడ తల పట్టాడు. మొదటి దూడే తల విదిలించింది. సూది లోయెల్ అరచేతిలో దిగింది, గోళీలు నేలరాలాయి.

"ఆర్లీటా అయితే ఈపాటికి పది దూడలు ముగించేది," అన్నాడు లోయెల్, నెత్తురు ప్యాంటుకు తుడుచుకుంటూ.

"ఆర్లీటాకి దూడ తల గట్టిగా పట్టే లోయెల్ దొరికాడు. నాకు నువ్వు దొరికావు," అన్నాడు కోయ్. వెంటనే భార్య నడీన్‌కి ఫోన్ చేశాడు. "దూడల మందు లోయెల్‌కి దిగింది. అయొడిన్ పట్టుకురా!"

ఆ లోయలో సిగ్నల్ సగమే అందుతుంది. నడీన్ చెవిన పడింది దూడల మందూ, లోయెలూ. 'మింగాడు' అన్న మాట ఆమే చేర్చుకుంది. వేసవి మొదలైన దగ్గర్నుంచీ అతని వంటింట్లో దీపం వెలగడం ఆమె చూడలేదు మరి. పాస్టర్‌కి చెప్పింది. పాస్టర్ ప్రార్థన బృందానికి చెప్పాడు. కబురు కిరాణా కొట్టు చేరేసరికి లోయెల్ డబ్బాకి డబ్బా ఖాళీ చేశాడన్నదాకా వచ్చింది.

ఎవరో పిలిచిన అంబులెన్సు గేటు బార్లా తెరిచేసి దూసుకొచ్చింది. అంతసేపూ తోలి కట్టడి చేసిన దూడలన్నీ తిన్నగా చెరువులోకి నడిచాయి.

"నోరు తెరువు తాతా, ఎన్ని మింగావు?" అంది అంబులెన్సు దిగిన నర్సు.

"మింగడమేంటమ్మా? దిగింది చేతిలోకి!"

"ఆర్లీటా మొహం చూసైనా ఆగలేకపోయావా లోయెల్?" అని నడీన్ బావురుమంది. చర్చి ఆడవాళ్ళు కోడికూర పళ్ళేలతో వరండా నింపేశారు. పాస్టర్ చప్పుడు చేయకుండా వంటింటి తలుపు వెనక ఉండే లోయెల్ తుపాకీ తీసి తన కారు డిక్కీలో దాచాడు.

చివరికి కోయ్ అరిచి అరిచి సంగతి చెప్పాడు. అందరూ నవ్వారు. లోయెల్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పాస్టర్ సిగ్గుపడుతూ తుపాకీ తెచ్చాడు.

"క్షమించు లోయెల్. పొరపాటైపోయింది."

లోయెల్ చెయ్యి చాపలేదు. నవ్వు ఆగిపోయింది.

"మీ దగ్గరే ఉంచండి పాస్టర్ గారూ," అన్నాడు. "కొన్నాళ్ళు."

నడీన్ లోపలికి వెళ్ళి వంటింట్లో దీపం వేసి, అతనికి అన్నం వడ్డించింది. కోయ్ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మర్నాటి నుంచి కోయ్ రోజూ పొద్దున్నే ఏదో ఒక సాకుతో వచ్చేవాడు. వాటిలో ఒక్కటీ నమ్మేలా ఉండేది కాదు.