ఐపీఈ ప్రశాంతం

ధర్మవరం మెడికల్ కాలేజీని దేశంలోనే అగ్రగామి ఆరోగ్య వ్యవస్థగా తీర్చిదిద్దుతున్నట్టు మంత్రిగారు పెనుకొండలో ప్రకటించారు. ఆ రోజు ఆయన పెనుకొండ వచ్చింది ఒక కల్యాణమండపం రిబ్బన్ కత్తిరించడానికి. కత్తెర ఇంకా రాలేదు. ఊరికే నిలబడటం ఆయన పద్ధతి కాదు కాబట్టి మైకు తీసుకున్నారు.

పీఏ చీటీ అందించాడు. అందులో 'ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్' అని ఉంది. మంత్రిగారు 'ఇంటర్' దాకా చదివి ఆగి, నీళ్లు తాగారు. మళ్లీ 'ఇంటర్' దాకా వెళ్లి ఆగారు. మూడోసారి చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ఐపీఈ అందాం, ప్రజలకు అర్థమవుతుంది" అన్నారు. ప్రజలకు అర్థమైంది. చప్పట్లు కొట్టారు.

అర్థం కానిది మూడో వరుసలో కూర్చున్న డాక్టర్ హరికృష్ణకు ఒక్కడికే. చీటీ రాసింది ఆయనే. ఆ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు కాబోయే పిల్లలు చదువుకునేటప్పుడే ఒకచోట కూర్చుని ఒక రోగి గురించి మాట్లాడుకుంటే, ఉద్యోగాల్లో చేరాక కూడా మాట్లాడుకుంటారు, దానివల్ల రోగికి మేలు జరుగుతుంది. ఆయన చీటీలో రాసిన మాటకు అర్థం అంతే. చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. చెయ్యడానికి ఒక నోడల్ ఆఫీసర్ కావాలి. ప్రిన్సిపాల్ రవికుమార్ హరికృష్ణనే నోడల్ ఆఫీసర్‌గా వేశాడు.

హరికృష్ణ కాదనలేదు. ఆయన కుటుంబం హిందూపురంలో ఉంది. భార్య ప్రమోద అక్కడి పోస్టాఫీసులో పనిచేస్తుంది. కూతురు ఒకటో తరగతి. ఆయన ధర్మవరంలో పట్టుచీరల కొట్టు పైన గదిలో ఉంటాడు, ఆదివారం పూట రైలెక్కి ఇంటికి పోతాడు. ఒక ఆదివారం కూతురు పక్కింటి పాపకు ఆయన్ని చూపించి, 'మా ఇంటికి వచ్చే డాక్టరు' అని చెప్పింది. మర్నాడే ఆయన బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు.

"అర్జీ పైనే ఉండాదప్పా," అన్నాడు రవికుమార్. "ఐపీఈ బాగా జరిగితే హిందూపురం. జరగకపోతే తనకల్లు. మూడోది లేదు."

తనకల్లు అంటే ఆదివారం ఇంటికి పోవడం కూడా ఉండదు. హరికృష్ణ పనిలో దిగాడు.

మొదటి మీటింగు ప్రిన్సిపాల్ గదిలో జరిగింది. మెడికోల ప్రతినిధి తమకు నర్సింగ్ విద్యార్థులతో కలిసి కూర్చోవడానికి అభ్యంతరం లేదని, అయితే తమ బెంచీ ముందుండాలని చెప్పాడు. నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ ప్రేమలత, తన పిల్లలు వెనక నిలబడటం వార్డులో రోజూ చేస్తూనే ఉన్నారని, దానికి ప్రత్యేకంగా హాలు, బ్యానరు అక్కర్లేదని చెప్పింది. ఫార్మసీ వాళ్లు, పిలుపులో తమ పేరు రెండోది అయితే వస్తామన్నారు. ఫిజియోథెరపీ వాళ్లు ఏమీ అనలేదు. వాళ్లను పిలవడం మరిచిపోయారు.

రెండో మీటింగులో ఒప్పందం కుదిరింది. హాలుకు నాలుగు మూలలుంటాయి కాబట్టి నాలుగు వర్గాలూ నాలుగు మూలల్లో కూర్చుని, అభిప్రాయాలు కాగితం మీద రాసి అటెండర్ చేత పంపుకోవాలి. అట్లయితే దీనికీ వార్డుకూ తేడా ఏమిటని హరికృష్ణ అడిగాడు.

"బిస్కెట్లు ఉంటాయి," అన్నాడు రవికుమార్.

మాట్లాడుకోవడానికి ఒక రోగి కావాలి గనుక హరికృష్ణ వార్డుకు వెళ్లి ఉలిగమ్మను ఎంచుకున్నాడు. ఆమెది సోమందేపల్లి పక్కన పల్లె. శెనక్కాయ కూలి. షుగరు. కుడికాలి బొటనవేలు నల్లబడింది. సర్జన్ వేలు తీసెయ్యాలన్నాడు. షుగరు డాక్టరు ముందు షుగరు దించాలన్నాడు. ఆయన రాసిన ఇన్సులిన్ స్టోర్లో లేదని ఫార్మసిస్టు అన్నాడు. దాని బదులు వాడేది ఉంది గానీ ఆ సంగతి అతన్ని ఎవరూ అడగలేదు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఆ వేలి మీద బరువు పడనియ్యని చెప్పు ఉంది. ఆయన్నీ ఎవరూ అడగలేదు. నలుగురూ వేరువేరు పూటల్లో వచ్చి ఉలిగమ్మకు తమ మాట చెప్పి పోయారు.

"నలుగురూ మంచోళ్లే నాయనా," అంది ఉలిగమ్మ. "ఒకరు చెప్పింది ఇంకొకరికి నేను చెప్పల్లంటే నాకు ఇంగ్లీషు రాదు. ఒక్క తూరి నలుగురూ ఈడ నిలబడితే వేలు ఉండాల్నో పోవాల్నో తేలిపోతాది."

మార్చి అయిదో తేదీన ఐపీఈలో నాలుగు వర్గాలవాళ్లూ ఒకచోట ఉంటారని, ఆ రోజే తేలుస్తారని హరికృష్ణ మాట ఇచ్చాడు. మాట ఇచ్చేటప్పుడు నాలుగు మూలల సంగతి చెప్పలేదు.

ఆ రోజు మంత్రిగారు వస్తున్నారు కాబట్టి బందోబస్తు కోసం హరికృష్ణ జిల్లాలో ఒక ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఏ ఆఫీసో చెప్పడం మర్యాద కాదు. 'మార్చి అయిదున మా కాలేజీలో ఐపీఈ జరుగుతుంది. నాలుగు గ్రూపుల విద్యార్థులు హాజరవుతారు. తగిన ఏర్పాట్లు చేయవలసినదిగా ప్రార్థన' అని రాసి, పాల్గొనేవాళ్ల పేర్లు జతచేశాడు. ఉలిగమ్మ పేరు కూడా అందులో ఉంది.

మన రాష్ట్రంలో మార్చి నెలలో ఐపీఈ అంటే ఒకటే అర్థం. ఇంటర్మీడియట్ పబ్లిక్ ఎగ్జామినేషన్స్. అందులోనూ గ్రూపులు అని రాశాడు. సంవత్సరాల తరబడి ఆ కాలేజీ వార్డులకు ఫ్యాన్లు అడిగితే జవాబివ్వని ఆ ఆఫీసు, ఈ ఉత్తరం అందిన రోజే ఏర్పాట్లు మొదలుపెట్టింది.

అయిదో తేదీ పొద్దున హరికృష్ణ కాలేజీకి వచ్చేసరికి గేటు దగ్గర 144 సెక్షన్ బోర్డు ఉంది. ఎదురుగా జెరాక్స్ షాపులు మూయించారు. గేటు బయట షామియానా కింద ఒక ఏఎన్ఎమ్ ఓఆర్ఎస్ పాకెట్లు, దూది, పారాసిటమాల్ బిళ్లలు పెట్టుకుని కూర్చుంది. విద్యార్థులకు కళ్లు తిరిగితే చూడటానికి ఆమెను ఆ మెడికల్ కాలేజీకి పంపించారు. హాలు గుమ్మంలో పరీక్షల చీఫ్ సూపరింటెండెంట్ మద్దిలేటి సీలు వేసిన కట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కట్టలో ప్రశ్నపత్రాలున్నాయి.

"సార్, ఇది ఇంటర్ పరీక్ష కాదు," అన్నాడు హరికృష్ణ.

"ఐపీఈ కాదా?"

"ఐపీఈనే."

"మరింకేమప్పా?"

"ఇది వేరే ఐపీఈ సార్. ఇందులో పిల్లోళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవల్ల. ఒకరికి తెలీంది ఇంకొకర్ని అడిగి తెలుసుకోవల్ల."

మద్దిలేటి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాతో అంటే అన్నావుగానీ, స్క్వాడ్ ముందర ఈ మాట అనొద్దు. ఉద్యోగం పోతాది."

హరికృష్ణ ప్రిన్సిపాల్ కోసం పరుగెత్తాడు. రవికుమార్ వచ్చి కిటికీలోంచి హాల్లోకి చూశాడు. ప్రతి బెంచీ మీద ఒక మెడికో, ఒక నర్సింగ్ విద్యార్థిని, ఒక ఫార్మసీ కుర్రాడు, ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వరుసగా కూర్చుని ఉన్నారు. ఒకే గ్రూపు వాళ్లు పక్కపక్కన ఉంటే కాపీ కొడతారని మద్దిలేటి నంబర్లు కలిపి వేశాడు. ఎవరి బెంచీ ముందుండాలని ఎవరూ అడగలేదు. పరీక్షలో నంబరు ఎక్కడ పడితే అక్కడ కూర్చోవడం వాళ్లకు చిన్నప్పటినుంచి అలవాటు. రెండు మీటింగుల్లో కానిది కాపీల భయం చేసిపెట్టింది.

రవికుమార్ ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. మంత్రిగారి పీఏకి పంపించాడు. తర్వాత హరికృష్ణ వైపు తిరిగాడు.

"చెప్పేస్తా సార్ అందరికీ," అన్నాడు హరికృష్ణ.

"హిందూపురం," అన్నాడు రవికుమార్.

హరికృష్ణ తెరిచిన నోరు మూసుకున్నాడు.

గంట కొట్టారు, గేటు మూశారు. సరిగ్గా అప్పుడే వార్డు నుంచి వీల్‌చైర్లో ఉలిగమ్మ వచ్చింది. నిమిషం ఆలస్యమైనా లోపలికి వదలరాదని నిబంధన. వీల్‌చైర్ ఒక చక్రం తిరగనందువల్ల ఆమెకు ఆ నిమిషం పట్టింది. కానిస్టేబుల్ లిస్టులో ఆమె పేరు చూసి, నంబరు కూడా చూసి, విచారం వెలిబుచ్చాడు.

"నేనేం రాసేది లేదు నాయనా, కాలు చూపిస్తే సాలు," అంది ఉలిగమ్మ.

చూపించడం ఇంకా పెద్ద నేరమని కానిస్టేబుల్ అన్నాడు. ఆమె షామియానా దగ్గరికి పోయి ఏఎన్ఎమ్‌కు చూపించింది. పరీక్ష రాస్తున్నవాళ్లను మాత్రమే చూడాలని తనకు ఆర్డరుందని చెప్పి, ఏఎన్ఎమ్ ఒక ఓఆర్ఎస్ పాకెట్ ఇచ్చింది.

లోపల మద్దిలేటి కట్ట విప్పాడు. అందులో ఉన్నది సివిక్స్ పేపరు. విద్యార్థులు ప్రశ్నపత్రం అటూ ఇటూ తిప్పి చూసి, రాయడం మొదలుపెట్టారు. ఇది ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. మెడిసిన్ చదువులో ఆ అలవాటు మొదటి ఏడాదే పోతుంది. కాసేపటికి ఒక నర్సింగ్ అమ్మాయి పక్కనున్న మెడికో వైపు వంగి, గ్రామసభ అంటే ఏమిటని అడిగింది. తనకూ తెలియదని అతను చెప్పాడు. స్క్వాడ్ ఇద్దర్నీ పట్టుకుని డిబార్ చేసింది. ఆ రోజు ధర్మవరం మెడికల్ కాలేజీలో రెండు వృత్తుల మధ్య జరిగిన సంభాషణ అదొక్కటే.

మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. మద్దిలేటి గేటు తియ్యలేదు. అది మంత్రిగారి ప్రభుత్వం పెట్టిన నిబంధనేనని వినయంగా మనవి చేశాడు. మంత్రిగారు వాచీ చూసుకున్నారు. తర్వాత కెమెరాలను చూశారు. చట్టం ముందు మంత్రి అయినా విద్యార్థి అయినా ఒకటేనని, ఈ గేటు బయట నిలబడటాన్ని గౌరవంగా భావిస్తున్నానని ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. వెంట వచ్చిన కార్యకర్తలు జై కొట్టారు. 144 అమల్లో ఉన్నందువల్ల ఎస్సై వాళ్లను నలుగురు నలుగురుగా విడగొట్టి వేరువేరు దారుల్లో పంపించాడు. వాళ్లతోపాటు ఓపీకి వచ్చిన రోగులను కూడా పంపించాడు. మర్నాడు పేపర్లో ఫొటోతో వార్త పడింది. 'ఐపీఈ ప్రశాంతం. ఇద్దరు డిబార్.'

ఏప్రిల్లో ఫలితాలు వచ్చాయి. సివిక్స్ ఉత్తీర్ణతలో ధర్మవరం కాలేజీ రాష్ట్రంలోని మెడికల్ కాలేజీలన్నిటికంటే ముందు నిలిచిందని మంత్రిగారు ప్రకటించారు. మిగతా కాలేజీలు ఆ పరీక్ష రాయలేదు. రాయకపోవడం ఆ కాలేజీల వెనుకబాటుతనమని, వచ్చే ఏడు నుంచి అన్నీ రాయాలని కూడా ప్రకటించారు. నాలుగు వృత్తుల వాళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న ఫొటో ఫ్రేము కట్టించి ప్రిన్సిపాల్ గదిలో పెట్టారు. ఇతర జిల్లాల బృందాలు వచ్చి దాన్ని ఫొటో తీసుకుని పోతున్నాయి.

హరికృష్ణకు ఆర్డరు వచ్చింది. ఐపీఈ నిర్వహణలో ఆయన అనుభవాన్ని దృష్టిలో ఉంచుకుని, హిందూపురంలో ఒక జూనియర్ కాలేజీకి సివిక్స్ లెక్చరర్‌గా డెప్యుటేషన్. ఆయన రెండుసార్లు చదివాడు. హిందూపురం అనే మాట స్పష్టంగానే ఉంది. ప్రమోదకు ఫోన్ చేసి చదివి వినిపించాడు.

అవతల కాసేపు స్టాంపు కొట్టే చప్పుడు వినిపించింది.

"సివిక్స్ మీకొచ్చునా?" అంది ప్రమోద.

"నేర్చుకుంటా."

"సరే, రాండి. పాపకు చెప్తా."

సాయంత్రం రైలుకు బయల్దేరుతూ ఆయన వార్డులోకి వెళ్లాడు. ఉలిగమ్మ అదే మంచం మీద ఉంది. దుప్పటి కాలి దాకా కప్పుకుంది.

"హిందూపురానికి పోతాండావంట కదా నాయనా. పరీక్ష పాసైనావంట."

"అవునవ్వా."

"నాది ఏమాయ?"

ఫలితాల లిస్టులో ఆమె నంబరు ఎదుట ఏముందో హరికృష్ణ చూసే వచ్చాడు. "నువ్వు ఆబ్సెంటవ్వా. గేటు మూసినాక వచ్చినావు."

ఉలిగమ్మ తల ఊపింది. అప్పుడు వేలు అన్నారని, ఇప్పుడు పాదం అంటున్నారని చెప్పింది. సర్జన్ రేపే తీస్తానంటున్నాడట. షుగరు డాక్టరు కూడదంటున్నాడట. ఆయన మాట ఈయనకు, ఈయన మాట ఆయనకు తనే చెబుతోందట. ఇంగ్లీషు కొంచెం వచ్చిందట.

"మళ్లా ఎప్పుడు కూసుంటారు నాయనా, నలుగురూ?"

"ఆబ్సెంటు వాళ్లకు సప్లిమెంటరీ ఉంటాదవ్వా. మే నెలలో."

"గేటు ఎప్పుడు మూస్తారు?"

"తొమ్మిదికి."

ఉలిగమ్మ దుప్పటి సర్దుకుంది.

"ఈ తూరి ముందే వస్తాలే నాయనా," అంది. "కుర్చీ తోసేటోళ్లకు బరువు తక్కువుంటాది."