గార్డు అడిగితే గ్రామరు వచ్చింది

రాని భాషని ఇంకో రాని భాషలో నేర్చుకోవడం కన్నా పనివాడికి మేలు చేసేది ఇంకోటి లేదు. నేను ఊరికే అనడం లేదు. మూడో తరగతితో బడికి దణ్ణం పెట్టి వచ్చినవాణ్ణి, పళ్ళూడే వయసులో మళ్ళీ పుస్తకం పట్టాను. స్వీడిష్ నేర్చుకుంటున్నాను. ఇంగ్లీషులో నేర్పుతున్నారు. నాకు ఇంగ్లీషు రాదు. సుఖమంతా అక్కడే ఉంది.

ఎలాగంటారా? వచ్చిన భాషలో పాఠం చెప్పారనుకోండి, అర్థం కాకపోతే సిగ్గు. రాని భాషలో చెబితే సిగ్గెందుకు? చిన్నప్పుడు బళ్ళో వీపు మీద పడ్డ దెబ్బలన్నీ సగం అర్థమైనందుకు పడ్డవే. ఏమీ అర్థం కానివాణ్ణి ఎవరూ కొట్టరు.

మేం కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానా వాళ్ళం. నాది పాలిష్ గది. నా బావమరిది రంపం మిషను మీద ఉంటాడు. చెక్క కోస్తున్నంతసేపూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తాడు గనక అందరూ వాణ్ణి రాగం అనే పిలుస్తారు. మొన్నీమధ్య మా కార్ఖానాని స్వీడన్ ఆసామి ఒకాయన కొన్నాడు.

రంపం మిషనుకి బ్లేడు మీద ఒక మూత ఉండాలి. గార్డు అంటారు. మా మిషను గార్డు విరిగి చాన్నాళ్ళయింది. విరిగాక ఆ మిషను మీద పనిచేసిన పెద్దాయన ఇప్పుడు గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చుంటున్నాడు, ఎనిమిది వేళ్ళతో. ఆయన ఖాళీ చేసిన చోటు మా రాగానికి దక్కింది. ప్రమోషనన్నారు.

రాగం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళని వారం లేదు.

"సార్, ఆ మూత సంగతి."

"పైకి రాశానయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పైనుంచి ఏమన్నారు సార్?"

"పైవాళ్ళు పైవాళ్ళు. మన గోడు వాళ్ళకి ఎక్కొద్దూ? ముందు నువ్వెళ్ళి పని చూసుకో."

కొన్నాళ్ళకి ఒక పెట్టె దిగింది. గార్డే అనుకుని రాగం తన చేత్తో తనే మేకులూడదీశాడు. లోపల పుస్తకాలు. రోజువారీ వాక్యాలతో స్వీడిష్ వ్యాకరణం, ఇంగ్లీషు వచ్చినవారి కోసం అని అట్ట మీద ఉందట. వెంట ఒక పంతులమ్మ కూడా వచ్చింది. అడిగిందల్లా దేవుడు ఇవ్వడు, మనకి ఏది మంచిదో అదిస్తాడని పెద్దలు చెప్పనే చెప్పారు. గార్డు అడిగాం, గ్రామరు వచ్చింది.

క్లాసు మధ్యాహ్నం తిండి వేళలో. ఇది ఇంకో మేలు. ఇదివరకు డబ్బా ముందేసుకుని ధరలనీ అల్లుళ్ళనీ తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు గబగబా నాలుగు ముద్దలు మింగి 'పిల్లి బల్ల కింద ఉంది' అని కోరస్ అందుకుంటున్నాం. తిన్నది అరగడం లేదు గనక రాత్రి ఆకలి ఉండదు. సంసారానికి ఎంత పొదుపు!

పంతులమ్మకి మన భాష బాగానే వచ్చు. కానీ క్లాసులో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడితే జీతంలో కోత పెడతారట. అందుకని క్లాసులో పాఠం చెబుతుంది, బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అర్థం చెబుతుంది. కాబట్టి మా చదువంతా కుళాయి చదువు. కుళాయి రాని రోజు వ్యాకరణమూ రాదు.

అలా కుళాయి దగ్గర ఏరుకున్న సంగతులు మీకూ చెబుతాను, ఎప్పుడైనా పనికొస్తాయి.

ఆ భాషలో కుర్చీ ఒక జాతి, బల్ల ఇంకో జాతి. కుర్చీకి ముందు 'ఎన్' అనాలి, బల్లకి ముందు 'ఎత్' అనాలి. ఒకే దుంగలోంచి రెండిటినీ కోసేవాళ్ళం మేం. రెండిటికీ ఒకే డబ్బాలోంచి వార్నిష్ పూసేవాణ్ణి నేను. ఎక్కడ విడిపోయాయో మాకు తెలీదు. "కారణం లేదు తాతా, బట్టీ పట్టాలంతే" అంది పంతులమ్మ. కారణం లేకుండా జాతులు విడదీయడం మనకేం కొత్త? ఆ పాఠం అందరికీ ఇట్టే వచ్చేసింది.

ఇంగ్లీషువాళ్ళు 'ది' అని ముందు తగిలించేదాన్ని వీళ్ళు మాట చివర అతికిస్తారు. ఇది ఇంగ్లీషువాళ్ళకి మహా కష్టమట. మనకి కష్టమేముంది? ఇంట్లో, వీధికి, పనివాడితో... పుట్టిన దగ్గర్నుంచీ మనం అతికించేది వెనకే కదా.

ఇక క్రియ. నేను ఉన్నా, నువ్వు ఉన్నా, యజమాని ఉన్నా, కుక్క ఉన్నా ఒకటే మాట. ఉన్నాడు, ఉన్నారు, ఉంది అన్న తేడాల్లేవు. పైగా ఎవర్నైనా 'దు' అనే పిలవాలి. దు అంటే నువ్వు. యజమాని కూడా దు, గేటు పెద్దాయనా దు. ఈ పాఠం రోజున సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. క్లాసయ్యాక కుళాయి దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, సూపర్‌వైజర్లకి వేరే మాట ఏదైనా ఉంటుందేమో ఒకసారి చూడండి."

"వెతికితే ఒకటి దొరుకుతుంది సార్. కానీ అక్కడ ఇప్పుడెవరూ దాన్ని అంతగా వాడరు."

"మనం వాడదాం. నష్టమేముంది?"

ఇన్ని లాభాలుండగా మా ఇంటావిడకి మాత్రం ఈ చదువు గిట్టలేదు. నేను గోడకి ఆనుకుని వల్లె వేస్తుంటే గిన్నె ఠపీమని దించింది.

"మీరు పిల్లి బల్ల కింద ఉందని చదువుకోండి. నా తమ్ముడి చెయ్యి బ్లేడు కింద ఉంది."

ఆడవాళ్ళు చదువు విలువ గ్రహించరని నేనేమీ అనలేదు. అసలు నేను ఏమీ అనను. ఏమీ అననివాడికి రెండు భాషలెందుకని మీరు అడగొచ్చు. ఒకదాంట్లో అనకపోవడం కన్నా రెండిట్లో అనకపోవడం గొప్ప కాదా?

రాగానికి మాత్రం చదువు తలకెక్కింది. కుళాయి దగ్గర పంతులమ్మని వదిలేవాడు కాదు.

"అమ్మా, రంపం అనే మాట ఈ పుస్తకంలో ఏ పాఠంలో ఉంది?"

"ఇందులో లేదు. పనిముట్లు మూడో పుస్తకంలో వస్తాయి."

"మూత?"

"అదీ మూడోదే."

"మరి ఇందులో ఏమున్నాయి?"

"గొడుగు ఉంది, తాగే సూపు ఉంది, మామ్మ ఉంది. వారాలూ ఒంట్లో భాగాలూ ఉన్నాయి."

"ఒంట్లో భాగాలున్నాయా?" అని తల పంకించి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం మిషను దగ్గర వాడి కూనిరాగం వినపడలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

ఇంతలో ఆసామి వస్తున్నాడన్నారు. సూపర్‌వైజరు నేల కడిగించాడు. గేటు పెద్దాయనకి సెలవిచ్చి ఇంటికి పంపాడు. మనిషికో స్వీడిష్ వాక్యం పంచాడు. నాకు 'సూపు బాగుంది' వచ్చింది. రాగానికి 'నా గొడుగు పసుపుపచ్చగా ఉంది' వచ్చింది. ఎవరి వాక్యం వాళ్ళు చెప్పాలి, దాటి పోకూడదు.

ఆసామి పొడుగాటి మనిషి, నవ్వు మొహం. వరసలో నిలబడ్డ ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ వచ్చాడు. సూపు బాగుందని చెప్పాను. ఎంతో సంతోషించాడు. పక్కన రాగం. వాడు చెయ్యి అందించి, వేళ్ళు విప్పి, నిదానంగా అన్నాడు:

"ఇదాగ్ హార్ యాగ్ తీయు ఫింగ్రార్. ఇమొర్రోన్?"

ఈరోజు ఉన్నాయి నాకు పది వేళ్ళు. రేపు?

ఆ భాషలో ఈరోజుతో మొదలుపెడితే ఉన్నాయన్నది వెంటనే రావాలి, నాకు అన్నది దాని వెనక రావాలి. అన్నీ సరిగ్గా వాటి చోట్లో పడ్డాయి. పంతులమ్మ కళ్ళు చెమర్చాయి. సూపర్‌వైజరు చప్పట్లు మొదలుపెట్టాడు, గొడుగు అనుకుని.

ఆసామి చప్పట్లు కొట్టలేదు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు కూడా. ఆ వేళ్ళ వంక చూశాడు, వెనకాల మిషను వంక చూశాడు, దగ్గరికెళ్ళి వంగి మరీ బ్లేడు వంక చూశాడు. అప్పుడు సూపర్‌వైజరుతో ఇంగ్లీషులో ఏదో మాట్లాడాడు. తర్వాత పంతులమ్మ కుళాయి దగ్గర మాకు అర్థం చెప్పింది.

ఆసామి అడిగాడట: "ఇలా ఉందని మీకు ఇంతకాలం ఎవరూ చెప్పలేదా?"

సూపర్‌వైజరు అన్నాడట: "ఏం చేస్తాం సార్, వాళ్ళు చెప్పేది నాకు అర్థం కాదు. భాషా సమస్య."

మా సూపర్‌వైజరు మా వీధి చివరింట్లో పుట్టాడు. వాళ్ళమ్మ జోలపాడిన భాషా, మా అత్తగారు రాగానికి పాడిన భాషా ఒకటే. చిన్నప్పుడు ఇద్దరూ ఆ భాషలోనే తిట్టుకుని చొక్కాలు చింపుకున్నారు.

ఆసామి మంచివాడు, చెప్పింది నమ్మాడు. వారం తిరక్కుండా గార్డు వచ్చింది. ఎర్రటి ఇనప మూత, బ్లేడుకి అచ్చంగా అమిరింది. మా ఇంటావిడ కార్ఖానా దాకా వచ్చి, దాన్ని వేలితో తట్టి చూసి వెళ్ళింది. గార్డుతో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. పనివాళ్ళ భాష రాని సూపర్‌వైజరుకి తిండి వేళలో ఆ భాష నేర్పించవలసింది. ఎంత ఖర్చయినా ఫర్వాలేదు.

కాబట్టి ఇప్పుడు మేం డబ్బాలు నిమ్మళంగా తింటున్నాం. సూపర్‌వైజరు పంతులమ్మ ఎదుట కూర్చుని 'ఇది నా చెయ్యి, ఇవి నా వేళ్ళు' అని మన భాషలో, ఇంగ్లీషు ద్వారా, నేర్చుకుంటున్నాడు. రాదని ఒకసారి చెప్పాక వచ్చని ఎలా అంటాడు పాపం?

నిన్న రాగం పరీక్ష పెట్టాడు.

"సార్, పాలిష్ గదిలో ఫ్యాను తిరగడం లేదు. లోపల మా బావకి ఊపిరాడటం లేదు. ఈ రెండు వాక్యాలూ అర్థమయ్యాయా?"

"చూద్దాం" అన్నాడు సూపర్‌వైజరు.

ఉచ్చారణకి మాత్రం వంక పెట్టడానికి లేదు.