నలభై కిలోల బియ్యం, నూటికి పది

బాన్సువాడలో నేరమంటూ జరిగితే దాన్ని పట్టడానికి పుట్టిన ఏకైక మెదడు తనదేనని, పండరి కొత్తింటి గడప దాటుతూనే గోవర్ధన్ ప్రకటించాడు. దాటిన పావుగంటకే నేరమూ దొరికింది.

గృహప్రవేశం విందుకు వంట జమునాబాయిది. పండరి నలభై కిలోల బియ్యం అనుకుంటే, ఆమె తన పద్ధతి ప్రకారం నూటికి పది ఎక్కువ పట్టి నలభైనాలుగు కిలోలు తూచి నానబెట్టింది. గోవర్ధన్ ఫోన్ తీసి, నలభైకి పది పర్సెంట్ కలిపి నొక్కాడు. నలభై పాయింట్ ఒకటి!

"మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు ఎక్కువ గుంజింది! తలుపులు మూయించన్నా. హంతకుడు ఇంట్లనే ఉన్నడు!"

"హంతకుడేందిరా? ఎవ్వలు సచ్చిండ్రు?"

"నమ్మకం సచ్చింది!"

పండరి ఫోన్ వంక చూశాడు, జమునాబాయి వంక చూశాడు. చివరికి ఫోన్‌నే నమ్మాడు.

"అక్కా, మిషన్ అబద్ధమాడదు గదా..."

యాభైమంది చుట్టాలు విన్నారు. జమునాబాయి గరిటె కింద పెట్టేసింది. "దొంగ పేరుతోని పొయ్యి ముట్టియ్య. ఈ మాట బైటవడితే రేపు నన్ను ఎవ్వలు వంటకు పిలుస్తరు?"

అప్పటికే పదకొండు. ఒంటిగంటకు ఊరంతా వస్తుంది.

డిటెక్టివ్ మాత్రం భూతద్దంతో నేల మీద పాకుతూ, రాలిన గింజల జాడ పట్టుకుని పెరట్లోకి వెళ్లి ఒక కోడిని నిలదీశాడు. అది వాంగ్మూలం ఇవ్వలేదు. తిరిగొచ్చి బియ్యం గంగాళంలోకి వంగి చూస్తే, జేబులోని ఫోన్ బుడుంగుమంది.

"సాక్ష్యం మునిగింది! నీ ఫోన్ ఇటియ్యన్నా!"

పండరి ఫోన్‌లో అవే అంకెలు నొక్కాడు. నలభైనాలుగు. మళ్లీ నొక్కాడు. నలభైనాలుగే.

ఆఫీసులో పనిచేసే పండరి బిడ్డ వనిత పకపకా నవ్వింది. "బాపూ, కొన్ని యాప్‌లు పదిని నూటితోని భాగించి, వచ్చిన సున్న పాయింట్ ఒకటిని కలిపి ఊకుంటయ్. దేంట్ల పది అని సూడయ్. నీ ఫోనేమో ముందున్న నలభైల నూటికి పది లెక్క తీసి, నాలుగు కలిపింది. గంతే."

"కేసు ఛేదించిన!" అని గోవర్ధన్ ఛాతీ విరిచాడు.

"మిషన్లు రెండు తీర్ల చెప్తే అది లెక్కనట," అంది జమునాబాయి. "ముప్పై ఏండ్ల సంది నేను ఒక్క తీరు చెప్తే దొంగతనమా తమ్మీ?"

ఆ యాభైమంది ముందే పండరి చేతులు జోడించాడు. "తప్పయింది అక్కా." ఆమె అగ్గిపుల్ల గీసింది.

గోవర్ధన్ ఊరుకుంటేనా! "అయినా ఆ నూటికి పది దేనికి? ఏదో రహస్యమున్నది."

"పిలువకుంట వచ్చెటోల్లకు. నిన్నెవ్వలు పిలిచిండ్రు?"

పండరి పైకప్పు వంక చూశాడు. గొప్ప డిటెక్టివ్ నేరుగా వెళ్లి, మొదటి పంక్తిలో చోటు పట్టుకున్నాడు.