ఎదురు దవాఖానకు యూటర్న్

ఆ ఏడాది నుంచి నగర శివారు రహదారి మీద యూటర్న్ రోజూ కొంత దూరం ముందుకు జరుగుతూ వస్తోంది. ఏ రోజు ఎక్కడుందో ఉదయం ఏడు గంటలకు రహదారుల కార్యాలయం ప్రకటించేది. వాన కబురు విన్నట్టే జనం ఆ కబురూ విని బయలుదేరేవారు.

ఆర్టీసీలో ముప్పై ఒక్కేళ్ళు డ్రైవరుగా చేసి రిటైరైన బుచ్చిరాములు ఇల్లు రోడ్డుకు ఇటువైపు ఉంది. ఆయన కూతురు నవనీత కాన్పుకు చేరిన దవాఖాన సరిగ్గా ఎదురుగా, అటువైపు ఉంది. మధ్యలో పద్నాలుగు వరసల రోడ్డు, రెండు నిలువుల ఇనుప కంచె. నడిచి దాటేవారి కోసం కట్టిన వంతెనకు ఇటు మెట్లు పూర్తయ్యాయి. అటు మెట్లు రెండో దశలో ఉన్నాయి. కంచెకున్న అంబులెన్సు గేటులోంచి రోగినీ, తోడుగా ఒక్కరినీ మాత్రమే, అదీ దవాఖాన వైపుకే పంపుతారు. అలా వారం కిందట నవనీతతో తల్లి అండాలు వెళ్ళింది. అల్లుడు సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నాడు.

మంగళవారం పొద్దున అండాలు ఫోన్ చేసింది.

"బిడ్డకు రక్తం తక్కువున్నదంట. నీ రక్తమైతే కలుస్తదని డాక్టరమ్మ అంటున్నది. జల్ది రా."

"వస్తున్న. ఇయ్యాల పన్నెండు కిలోమీటర్ల కాడ్నే ఉన్నదంట," అని బుచ్చిరాములు స్కూటర్ తీశాడు.

పన్నెండో కిలోమీటరు దగ్గర యూటర్న్ లేదు. మరో తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళాలని బోర్డు ఉంది. తొమ్మిది వెళ్ళాక, ఇంకో పద్నాలుగు అని ఉంది. అక్కడ నీడలో నిలబడ్డ ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఆయన బండి ఆపాడు.

"సార్, నా బిడ్డ దవాఖానల ఉన్నది. ఇది ఎందుకు జరుగుతున్నది?"

ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. "యూటర్న్ ఉన్న కాడికి బండ్లు వస్తయ్ పెద్దాయనా. బండ్లొస్తే జామ్ అయితది. జామ్ అయితే యూటర్న్ ముందటికి జరపాలె. మీరెవ్వరు రాకుంటే అది ఉన్నకాడ్నే ఉంటది."

బుచ్చిరాములుకు అందులో తప్పేమీ కనిపించలేదు. కానీ బిడ్డకు రక్తం అందాలి. ఇన్‌స్పెక్టర్ అటు తిరగగానే స్కూటర్‌ను వెనక్కి మళ్ళించి ఎదురు దిక్కున నడిపాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని పని అది. వంద గజాలు దాటకముందే కెమెరా పట్టుకుంది. రాంగ్ రూటుకు శిక్ష ఒక్కటే. ప్రయాణం మొదటి నుంచి మొదలుపెట్టాలి. స్కూటర్‌ను వ్యానులో ఎక్కించి, లోపలి దారుల గుండా ఆయనను ఇంటి ముందు దింపి, సంతకం తీసుకున్నారు.

రోడ్డుకు అవతల, దవాఖాన రెండో అంతస్తు కిటికీలో అండాలు నిలబడి ఉంది. చెయ్యి ఊపుతోందో, రమ్మంటోందో, వద్దంటోందో అంత దూరం నుంచి తెలియలేదు. ఆయన ఫోన్ చేస్తే మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తింది.

"రక్తం దొరికింది. ఈడ ల్యాబుల చేసే మేడమే ఇచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు. నువ్వు రా."

ఆయన కిటికీ వైపు చెయ్యి ఊపాడు. తర్వాత రెండు జతల బట్టలు సర్దుకుని మళ్ళీ బయలుదేరాడు.

రెండో నెలకు యూటర్న్ జిల్లా సరిహద్దు దాటింది. దాని వెంట వెళ్ళేవారి కోసం కార్యాలయం దారి పొడవునా రేకుల షెడ్లు వేయించింది, నల్లాలు పెట్టించింది. పక్క షెడ్డులో ఒక పెళ్ళి బస్సువాళ్ళు ఉండేవారు. పెళ్ళికొడుకు రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, బాసికం కట్టుకుని, ముందు సీట్లో సిద్ధంగా కూర్చునేవాడు. బుచ్చిరాములు రోజూ ఏడు గంటల ప్రకటన విని, స్కూటర్ తుడిచి, చెప్పినంత దూరం వెళ్ళేవాడు. సాయంత్రం ఫోన్. పిల్లకు పళ్ళొచ్చాయని ఒకరోజు, నడుస్తోందని ఒకరోజు. జ్వరం తగ్గడం లేదని చెప్పిన వారమంతా ఆయన అన్నం ముట్టలేదు. తగ్గాక, తగ్గిందని చెప్పడం వాళ్ళు రెండు రోజులు మరిచిపోయారు.

రెండేళ్ళ తొమ్మిది నెలలకు, ఎవరో పెద్దమనిషి ప్రారంభోత్సవానికి రావాల్సి ఉండి, యూటర్న్‌ను రెండు గంటలు కదలకుండా ఆపారు. బుచ్చిరాములు కళ్ళముందే అది ఆగి ఉంది. ఆయన ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుని, నెమ్మదిగా తిరిగాడు. తిరిగాక బండి పక్కకు ఆపి ఏడ్చాడు.

దవాఖాన వెనక సందులో అద్దెకు తీసుకున్న గదిలో వాళ్ళు ఉన్నారు. నవనీత చిక్కిపోయింది. అండాలు కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది. మనవరాలు తలుపు చాటున నిలబడి ఆయనను పైనుంచి కింది దాకా చూసింది.

"తాత ఫోన్ల ఉంటడు కదా?" అంది తల్లితో.

"ఇప్పుడు వచ్చిండు బిడ్డా," అంది నవనీత.

పిల్ల అరగంటకు దగ్గరికి వచ్చింది. రాత్రికి ఆయన ఒళ్ళోనే నిద్రపోయింది. అప్పుడు నవనీత ఒక కాగితం తెచ్చి చూపించింది. ఆధార్‌లో ఉన్న అడ్రసు ప్రకారం పాపకు బడిలో సీటు ఇచ్చారు. బడి మళ్ళీ రోడ్డుకు అవతల, బుచ్చిరాములు ఇంటి పక్క వీధిలో ఉంది. అటు వెళ్ళాలంటే నగరం దిక్కున ఇంకో యూటర్న్ ఉంది. అదీ రోజూ జరుగుతోంది.

అండాలు వేళ్ళ మీద లెక్క చూసింది. "ఇప్పుడు ఎల్లితే ఒకటో తరగతికి అందుకుంటం."

బుచ్చిరాములు తలూపాడు. తాతా మనవరాలు స్కూటర్ మీద ముందు వెళ్ళాలని, ఆడవాళ్ళు బస్సులో వెనక రావాలని అనుకున్నారు. తెల్లారి ఏడు గంటల ప్రకటన విని, పాపకు హెల్మెట్ కొనడానికి బజారుకు వెళ్ళారు. దారిలో తల పెరుగుతుందని మూడు సైజులు పెద్దది తీసుకున్నారు.